రక్తం గ్రూపు గడిలో ఇద్దరు సోమార్లు

ఏసీ ఎవరికోసం

మీలో చాలామంది ఏసీ గదిలో పని కదా అని ఈ కంప్యూటరు ఉద్యోగానికి వస్తారు. ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆ ఏసీ మనకోసం కాదు, యంత్రం కోసం. నేను కిరండూల్ ఇనుప గని ఆఫీసులో చేరిన రోజున ఆ గదిలో యంత్రానికి రెండు ఏసీలు, నాకు ఒక కుంటి స్టూలు ఉండేవి.

ప్రమోషన్లు ఎలా వచ్చాయో, ఫైళ్లు ఎలా కదిలాయో ఇక్కడ రాయను. అవి అన్ని ఆఫీసుల్లోనూ ఒకలాగే ఉంటాయి. ఒక ముసలి యంత్రాన్ని ఆపేసి కొత్తదానికి మారిన సంగతి రాస్తాను. అందులో నేను చేసిన తప్పు ఒకటుంది. దానివల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. మీరు అదే తప్పు చేయకుండా ఉంటారన్న భ్రమ నాకు లేదు. కనీసం చేస్తున్నప్పుడు అనుమానమైనా వస్తుందని ఆశ.

మా యంత్రం బీరువా అంత ఉండేది. యూనిక్స్ అనే సాఫ్ట్‌వేరు మీద నడిచేది. దాన్ని తయారుచేసిన కంపెనీని ఇంకో కంపెనీ కొన్నది, దాన్ని మరొకటి మింగింది. చివరికి ఫోన్ చేస్తే అటువైపు వాళ్లు మా యంత్రం పేరు మమ్మల్నే అడిగేవారు. విడిభాగం కావాలంటే హైదరాబాద్‌లో ఎవరో ఇంకో ముసలి యంత్రాన్ని విప్పితే తప్ప దొరికేది కాదు. అందులో ముఖ్యమైన ప్రోగ్రాం ఒకటి ఉంది. అది రాసినవాడు నేను చేరకముందే ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. రాసిన కాగితాలు గానీ టేపు గానీ వదిలిపెట్టలేదు. నడుస్తోంది కాబట్టి నడవనిచ్చేవాళ్లం.

ఆ ప్రోగ్రాం చేసే పని చెప్తే, ఎందుకంత భయపడేవాళ్లమో మీకు అర్థమవుతుంది. గని కొండ పైన ఉంటుంది. గని గేటు దగ్గర టైం ఆఫీసు. పొద్దున లోపలికి వెళ్లే ప్రతి మనిషినీ అక్కడి స్క్రీను మీద ఎక్కించేవారు, బయటికి రాగానే తీసేసేవారు. మధ్యాహ్నం రాయి పేల్చే ముందు సైరన్ మోగుతుంది, ఎర్రజెండాలతో కాపలా ఉంటుంది, జీపు ఒక చుట్టు తిరిగి వస్తుంది. అన్నిటికన్నా చివర, గనిలో ఇంకా ఎవరున్నారో చెప్పే జాబితా ప్రింటు తీస్తారు. పేల్చే చోటికి దగ్గరలో ఎవరూ లేరని తేలాక టైం ఆఫీసు క్లర్కు దాని మీద సంతకం పెడతారు. ఆ సంతకం తర్వాతే ఆఖరి సైరన్.

మిగతా రోజుల్లో ఆ కాగితం లాంఛనం. వానాకాలంలో మాత్రం కాదు. బైలదిల్లా కొండ మీద మబ్బు దిగిందంటే ఎదుటి మనిషి చెయ్యి కూడా కనబడదు. మెట్లుమెట్లుగా తవ్విన గనిలో, జెండా పట్టుకున్నవాడికి కింది మెట్టులో ఎవరున్నదీ తెలియదు. అప్పుడు నమ్మాల్సింది ఆ కాగితాన్నే.

మూత తీసి చూడొచ్చు

యూనిక్స్‌లాగే పనిచేసే లినక్స్ నా చేతికి ఒక పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీలో వచ్చింది. ట్రైనింగ్ సెంటర్‌లో మూలన పడేసిన ఒక పీసీలో ఎక్కించి చూశాను. మొదటిసారి తెర నల్లబడి ఊరుకుంది. రెండోసారి ఏదో తిట్టి ఊరుకుంది. మూడోసారి లేచి కూర్చుంది. ఆ వారం నేను భోజనానికి ఇంటికి వెళ్లలేదు, మా ఆవిడే క్యారియర్ పంపింది, లోపల ఒక చీటీ పెట్టి. ఆ చీటీలో ఏముందో మీకు అనవసరం.

నాకు పిచ్చి పట్టించింది అది ఉచితం కావడం కాదు. దాని మూత తీసి చూడొచ్చు. ఇన్నేళ్లు పాత యంత్రం ఏదైనా వింతగా చేస్తే 'దాని ఇష్టం' అని దండం పెట్టి ఊరుకునేవాణ్ణి. ఇక్కడ ఎందుకు చేసిందో చదువుకోవచ్చు. ఒకసారి ప్రింటరు ప్రతి పేజీకి ముందు ఒక ఖాళీ పేజీ వదులుతుంటే, నత్తనడక ఫోన్ లైను మీద ఇంటర్నెట్‌లోకి ఒక ప్రశ్న పంపాను. రెండు రోజుల తర్వాత, నేను పేరు కూడా పలకలేని ఒకాయన ఏ దేశం నుంచో జవాబు రాశాడు. ప్రోగ్రాంలో ఏ వరుస మార్చాలో చెప్పి, 'వాతావరణం ఎలా ఉంది' అని కూడా అడిగాడు. నాకు మతి పోయింది. వానలు పడుతున్నాయని రాశాను.

మా పెద్ద సాబు తివారీగారు భిలాయ్ వైపు మనిషి. కంప్యూటరు ముట్టుకునేవారు కాదు గానీ ఒక్క ప్రశ్నతో మనిషిని కూలదోసేవారు. నేను అరగంట సేపు లినక్స్ గొప్పతనం చెబితే, అంతా విని, కళ్లజోడు తీసి, "బిగడ్ గయా తో ఫోన్ కిస్కో కరేంగే?" అన్నారు. పాడైతే ఎవరికి ఫోన్ చేస్తాం అని.

"పాతదానికి ఎవరికి చేస్తున్నాం సార్?" అన్నాను.

ఆయన నవ్వారు. "ఠీక్ హై. అయితే నీకే చేస్తా," అన్నారు. ఆ మాటను నేను మెప్పుదల కింద తీసుకున్నాను. అది హెచ్చరిక అని తర్వాత తెలిసింది.

నేను శుభ్రం చేసిన గడి

పాత ప్రోగ్రాం లోపల ఏముందో తెలియదు కాబట్టి, బయట అది చేసే పని చూసి లినక్స్ మీద కొత్తది నేనే రాశాను. ఒక్కో మనిషికి ఉన్న వివరాలన్నీ పాతదాంట్లోంచి తెచ్చాను. పేరు, తండ్రి పేరు, ఊరు, కాంట్రాక్టరు, రక్తం గ్రూపు. రక్తం గ్రూపు గడి దగ్గర ఆగాను. చాలామందికి అది ఖాళీ. కొందరికే ఏ అనో బీ అనో ఉంది. పేల్చే జాబితాకీ రక్తానికీ ఏం సంబంధం అనుకున్నాను. అది ఆసుపత్రి వాళ్ల సరుకు. ఆ గడిని కొత్త ప్రోగ్రాంలోంచి తీసేసి, ఆ వివరాలు విడిగా ఒక ఫైలులో పెట్టాను. చాలా శుభ్రంగా ఉందని మురిసిపోయాను కూడా.

తర్వాత ఒక నెల రెండిటినీ పక్కపక్కన నడిపాను. ఇది మంచి పద్ధతే, మీరూ చేయండి. రోజూ మధ్యాహ్నం రెండు జాబితాలూ తీసి పోల్చేవాణ్ణి. చాలా రోజులు అచ్చు గుద్దినట్లు ఒకటే. కొన్ని రోజులు మాత్రం కొత్తదాంట్లో ఒక పేరు తక్కువ. వెతికితే దొరికింది. పాత కాగితం మీద 'కుంజామి సోమారు, తండ్రి బుధ్రు' అని ఒకే ఊరి పేరుతో, ఒకే కాంట్రాక్టరు కింద, రెండు వరుసలు ఉన్నాయి. ఒక మనిషిని రెండుసార్లు లెక్కపెట్టడం ముసలి యంత్రం చాదస్తం అనుకున్నాను. తప్పు దానిదని నోట్ రాసి తివారీగారికి పంపాను.

అంతకాలం టైం ఆఫీసు నడిపిన క్లర్కు సోడి లక్ష్మి ఆ నెల సెలవులో ఉంది. ఆమెది సుక్మా వైపు ఎర్రబోరు. నాట్లు పడుతున్నాయని ఊరికి వెళ్లింది. ఆమె బదులు వచ్చినాయన జగదల్‌పూర్ మనిషి, గని గేటు ఎప్పుడూ చూడలేదు. ఆయన్ని అడిగితే "సిస్టమ్ మే జో హై సో హై" అన్నాడు, సిస్టంలో ఏముంటే అదే అని. లక్ష్మమ్మ వచ్చేదాకా ఆగి అడగాలని నాకు తోచలేదు. దేశం కాని దేశంలో ఉన్న మనిషికి ప్రింటరు గురించి ఉత్తరం రాసినవాణ్ణి, కొండ మీద పనిచేసే మనిషిని ఒక్క మాట అడగలేదు. నా కుతూహలమంతా యంత్రం దగ్గరే ఆగిపోయింది.

సైరన్‌కు ముందు

లక్ష్మమ్మ సెలవు నుంచి వచ్చిన రోజే పాత యంత్రం పొద్దున లేవలేదు. లోపలి డిస్కు కాఫీ గింజలు మర పట్టినట్లు చప్పుడు చేసి ఆగిపోయింది. ఎలాగూ కొత్తది సిద్ధంగా ఉందని టైం ఆఫీసు తీగను దానికి కలిపేశాను. పది నిమిషాల్లో పైనుంచి ఫోను.

"సార్, నేను లక్ష్మిని. ఇదేంది సార్, రెండో సోమారును తీసుకుంటలేదు. లోపల ఉన్నడు అంటుంది."

"అది డూప్లికేట్ అమ్మా. పాతదాంట్లో తప్పు అది. వదిలెయ్," అన్నాను.

"గట్ల కాదు సార్, వాళ్లు..."

"లైను పెరిగిపోతుంది, ముందు మిగతావాళ్లను ఎక్కించు," అని ఫోను పెట్టేశాను. ఆమె మాట పూర్తి చేయనివ్వలేదు. ఇరవై ఏడేళ్ల ఉద్యోగంలో నేను వెనక్కి తీసుకోవాలనుకునే ఫోను అదొక్కటే.

మొదటి రోజు కదా, కొత్తది ఎలా నడుస్తుందో చూద్దామని మధ్యాహ్నం జీపులో కొండ మీదికి వెళ్లాను. మబ్బు గేటు దాకా దిగి ఉంది. ఎక్కడో ఉరుముతోంది. టైం ఆఫీసులో పేలుళ్ల ఇన్‌ఛార్జి నాయుడుగారు వాకీటాకీతో అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆయనది పార్వతీపురం. మెత్తని మనిషే గానీ ఆ రోజు ఆయనకు పైప్రాణాలు పైనే పోతున్నాయి. రాతిలో తొలిచిన రంధ్రాల్లో పేలుడు మందు నింపేశారు. పిడుగులు దగ్గరికి వస్తుంటే నింపిన మందును అలా వదిలేయడం ప్రమాదం.

నేను ప్రింటు కొట్టించాను. కాగితం నున్నగా బయటికొచ్చింది. ఖాళీ పేజీ కూడా లేదు. పైన తేదీ, కింద ఒకే వరుస. గనిలో ఎవరూ లేరు.

"సంతకం పెట్టెయ్ లక్ష్మమ్మా," అన్నారు నాయుడుగారు.

ఆమె కాగితం చూసింది. తర్వాత తన ఎడమ అరచెయ్యి చూసుకుంది. "పెట్టను సార్. ఇంకొకడు ఉన్నడు."

"ఏటమ్మా ఇది! లిస్టులో ఎవులూ లేరు కదా. ఆ ఉరుము ఇనబడతందా లేదా?"

"ఇనబడుతుంది సార్. లోపల మనిషున్నడు. పెట్టను."

ఈలోగా ఫోను మోగింది. తివారీగారు. ఆఖరి సైరన్ ఎందుకు ఆలస్యమైందని అడిగి, "లిస్ట్ క్యా బోల్ రహీ హై?" అన్నారు, లిస్టు ఏమంటోంది అని.

నా నాలుక చివర 'ఖాళీ సార్' అన్న మాట ఉంది. నేను రాసిన ప్రోగ్రాం అది. నెల రోజులు పోల్చాను. నోట్ కూడా రాశాను. అదేమిటో గానీ ఆమె అరచెయ్యి నా కంటపడింది. బాల్‌పెన్నుతో రెండు గీతలు గీసి ఉన్నాయి, వాటిలో ఒకటి కొట్టేసి ఉంది.

"ఒక్క నిమిషం సార్," అని రిసీవర్ చేత్తో మూసి, పొద్దున అడగాల్సింది అప్పుడు అడిగాను. "ఏమిటమ్మా ఆ గీతలు?"

"సోమార్లు సార్. పొద్దున ఇద్దరు లోపలికి పోయిండ్రు, కాలువ పూడిక తీయనీకి. పెద్దోడు బయటికొచ్చిండు. చిన్నోడు రాలే."

"ఇద్దరికీ అదే పేరా? తండ్రి పేరు కూడానా?"

"వీళ్ల ఊర్ల సోమవారం పుడితే సోమారు, బుధవారం పుడితే బుధ్రు. ఇంకేం పేరు పెడ్తరు సార్? వీళ్ల నాయనలు వేరు. ఇద్దరు బుధ్రులు."

నా ప్రోగ్రాం ఇద్దరినీ ఒక మనిషిని చేసింది. పెద్దవాడు బయటికి రాగానే చిన్నవాణ్ణి కూడా బయట వేసేసింది. ఫోనులో "సార్, నా లిస్టు తప్పు. ఒక మనిషి లోపల ఉన్నాడు. పేల్చొద్దు," అన్నాను. ఆయన "ఢూంఢో" అన్నారు, వెతకమని. తిట్టలేదు. నాయుడుగారు అప్పటికే వాకీటాకీలో అరుస్తూ బయటికి పరిగెత్తారు.

లక్ష్మమ్మ రేకుల షెడ్డు కిందికి వెళ్లి పెద్ద సోమారును వాళ్ల గోండీ భాషలో ఏదో గట్టిగా అడిగింది. అతను కింది మెట్టు వైపు చెయ్యి చూపించాడు. వరసకు తమ్ముడైన చిన్నవాడు తన వెనకే వచ్చి, సగం దారిలో నీళ్లు తెచ్చుకునే సొరకాయ బుర్ర మర్చిపోయానని వెనక్కి వెళ్లాడట. మొదటి సైరన్ విన్నాడు గానీ, ఆఖరిదాకా టైం ఉందని రోజూ తెలిసిన సంగతే కదా.

మందు నింపిన చోటికి ఆ కాలువ ఎంత దూరమో నాయుడుగారు తర్వాత నాకు చెప్పబోయారు. నేను వద్దన్నాను. ఇప్పటికీ నాకు తెలియదు.

పావుగంట పట్టింది. నా జన్మలో అంత పొడుగు పావుగంట లేదు. జీపు హారన్ మబ్బులో అటూ ఇటూ తిరుగుతూ వినబడేది, ఆగేది, మళ్లీ వినబడేది. చివరికి ముందు సీట్లో నాయుడుగారు, వెనక సీట్లో ఒక సన్నని మనిషి, అతని ఒళ్లో నీళ్ల బుర్ర. దిగి, ఇంతమంది తనవైపే ఎందుకు చూస్తున్నారో అర్థంకాక, బుర్ర మూతి తుడిచి లక్ష్మమ్మ వైపు చాపాడు, దాహమా అని. ఆమె నీళ్లు తాగింది. తర్వాత అరచేతిలో రెండో గీత కొట్టేసి సంతకం పెట్టింది. నేను షెడ్డు వెనక్కి వెళ్లి నిలబడ్డాను. ఏడ్చానని రాయడానికి నాకు సిగ్గులేదు.

ఎక్కడో అక్కడ రాస్తం

మరునాడు టెస్టింగు రిపోర్టు పట్టుకుని కాదు, చేతులూపుకుంటూ టైం ఆఫీసుకు వెళ్లాను. పాత ప్రోగ్రాం వాళ్లిద్దరినీ ఎలా విడిగా చూసేదో నాకు ఇంకా అంతు చిక్కలేదు. ప్రింటులో రెండు వరుసలూ ఒకటే కదా అని అడిగాను.

"ప్రింటుల రాదు సార్. తెర మీద ఉంటది. రక్తం గడి ఖాళీగుండె కదా, అండ్ల పెట్టినం. పెద్దోడికి ఏ, చిన్నోడికి బీ. మూడోవాడుంటే ఓ. నా ముందటి క్లర్కు మొదలుపెట్టిండు, నాకు నేర్పిండు."

"వాళ్లకు రక్తం పరీక్ష చేయలేదా?"

"కూలోళ్లకు ఎవరు చేసిండ్రు సార్? పెద్ద, చిన్న అని రాయనీకి మీరు చోటియ్యలే. చోటియ్యకపోతే ఎక్కడో అక్కడ రాస్తం."

అప్పుడు నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ గడిలోవి నిజం రక్తం గ్రూపులనుకుని విడిగా తీసిపెట్టిన ఫైలు, ఫ్లాపీలో ఎక్కించి, ఆసుపత్రికి పంపడానికి నా టేబుల్ మీదే ఉంది. కవరు కూడా అంటించాను. జీపు డ్రైవరును ఎంత తొందరపెట్టానో అతను చాలా ఏళ్లు చెప్పుకుని నవ్వేవాడు. నేనే ఆ కవరు చింపి, ఆ ఫైలు తుడిచేశాను.

ఇక్కడ ఒక మాట మొహమాటం లేకుండా చెప్తాను. కొత్తగా వచ్చిన మీలాంటివాళ్లు పాత వివరాలు చూడగానే చెత్త అంటారు. నేనూ అన్నాను. ఖాళీగా ఉండాల్సిన గడిలో ఏదో ఉంటే, అది చెత్త అని తేల్చే ముందు అక్కడ రాసిన మనిషి దగ్గరికి వెళ్లి కూర్చోండి. లినక్స్ లోపల ఏ వరుస ఎందుకుందో చదువుకోవచ్చు. లక్ష్మమ్మ ఏ గడిలో ఏం రాసిందో ఏ సీడీలోనూ రాదు. ఆమెను అడగాలి, ఆమె చెప్పేది ఆఖరిదాకా వినాలి.

తివారీగారికి రెండో నోట్ రాశాను, మొదటిది తప్పని. లినక్స్ వద్దంటారనుకున్నాను. చదివి, "దీని లోపల నువ్వు మార్చగలవా?" అన్నారు. మార్చగలను అన్నాను. "పాతదాంట్లో మార్చగలిగేవాడివా?" లేదన్నాను. "తో ఫిర్ మార్చు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మార్చు," అన్నారు. నేను చూసిన పై అధికారుల్లో ఇంత తక్కువ మాట్లాడి ఇంత పని చేయించినవాళ్లు వేరే లేరు.

సోమారు పెట్టిన పరీక్ష

మార్చేదాకా టైం ఆఫీసులో కాగితం, పెన్సిలుతో నడిపారు. లక్ష్మమ్మ చెప్పినట్లు పెద్ద, చిన్న, నడిపి (అంటే మధ్యవాడు) అని ఒక గడి పెట్టాను. పొద్దున ఎక్కించేటప్పుడు అదే పేరు ఇంకోటి ఉంటే యంత్రం కాదనకుండా 'ఏ సోమారు' అని అడిగేలా చేశాను. ఆ ప్రశ్న మాటలు కూడా ఆమెవే.

కొత్తది మళ్లీ మొదలైన రోజు షిఫ్టు దిగే వేళ నేను టైం ఆఫీసులోనే ఉన్నాను. సోమార్లు ఇద్దరూ గేటు దగ్గరికి వచ్చారు. చిన్నవాడు కిటికీలోంచి తల పెట్టి గోండీలో ఏదో అడిగాడు.

లక్ష్మమ్మ నావైపు తిరిగింది. "ఆ పెట్టెల నేను, అన్న వేరే వేరే ఉన్నమా అంటుండు సార్."

తెర అతనివైపు తిప్పాను. అతనికి చదువు రాదు. లక్ష్మమ్మ రెండు వరుసల మీద వేలు పెట్టి చూపించింది, ఇది అన్న, ఇది నువ్వు అని. అతను తలూపాడు గానీ నమ్మినట్లు లేదు. తన హాజరు టోకెన్ పిడికిట్లోనే పట్టుకుని, అన్నను ముందుకు తోశాడు. పెద్ద సోమారు టోకెన్ ఇచ్చాడు. లక్ష్మమ్మ మీట నొక్కింది. పై వరుస పోయింది.

కింది వరుస అలాగే ఉంది.

చిన్న సోమారు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. వెనక లైనులో వాళ్లు కేకలేస్తున్నా కదల్లేదు. ఒకసారి అన్న వైపు చూశాడు, మళ్లీ తెర చూశాడు. నెల రోజులు రెండు జాబితాలు పోల్చిన నాకు ఈ పరీక్ష తట్టలేదు. అప్పుడు పిడికిలి విప్పి టోకెన్ కిటికీలో పెట్టి ఏదో అన్నాడు.

ఏమన్నాడని అడిగాను.

"ఇగ తియ్ అంటుండు సార్," అంది లక్ష్మమ్మ, మీట నొక్కుతూ.